పెరట్లో మూడాటలు



ఈ వారం సినిమా కబుర్లకి కాస్త ఇంటర్వెల్. ఆముదాలవలస నుంచి డిగ్రీ చదువుతున్న తమ్ముడొకడు వుత్తరం రాశాడు. "అన్నయ్యా! సినిమాలో హీరోయిన్ అద్దాల ఇంట్లో, పూలమొక్కల మధ్య పాట పాడుతుంటే చూశాను. మా మేడమీద అలాంటి గ్రీన్‌హౌస్ ఒకటి కట్టి కూరగాయలు పండిద్దామని వుంది. ట్యూషన్లు చెప్పి ఆరువేలు దాచాను. కట్టమంటావా?" అని.

ఆముదాలవలస అంటే మాటలా? మన తెరకి శరత్‌బాబుని ఇచ్చిన వూరు! ఆ వూరి కుర్రాడు అడిగితే దాటవెయ్యడం ధర్మం కాదు. కాబట్టి ఒక్క ముక్కలో జవాబు: వద్దు తమ్ముడూ! ఆరువేలూ జేబులోనే వుంచు.

ఎందుకొద్దో చెప్పాలంటే నేను తీసిన ఫ్లాప్ పిక్చర్ కథ చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు. చెప్పలేదంటే చెప్పనా మరి? ఏ ప్రొడ్యూసరు తన ఫ్లాపు గురించి తానే టాంటాం వేసుకుంటాడు!

2017 వేసవి. విజయనగరంలో మేం అద్దెకున్న ఇంటి మేడమీద నాలుగు ఇనప గొట్టాలు పాతాను. పైనా, చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ షీటు చుట్టాను. ఒక తలుపు కూడా పెట్టాను. లోపల కుండీల్లో టమాటా నారు, వంగ నారు, చలిదేశాల బొమ్మల పుస్తకంలో చూసి మోజుపడి తెచ్చిన కాలీఫ్లవరు నారు. ముహూర్తం షాట్‌కి వీధిలో పిల్లలందరికీ చాక్లెట్లు పంచాను. అది మే నెలని, పైన రోహిణీకార్తె పొంచి వుందని నాకు తోచలేదు.

సరిగ్గా అప్పుడే ఉద్దానం నుంచి మా అమ్మమ్మ దిగింది. ఆయాసపడుతూ మెట్లెక్కి, తలుపు తీసి, తల లోపలికి పెట్టి, వెంటనే బయటికి లాగేసుకుంది. 

"ఏట్రా ఇది? మొక్కలికి ఆవిరి పెడతన్నావేటి? మనకే ఊపిరాడట్నేదు, ఆటికేటాడతాది?"

"గ్రీన్‌హౌస్ అమ్మమ్మా! ఫారిన్‌లో అందరూ ఇలాగే పెంచుతారు" అన్నాను గొప్పగా.

"ఆ ఊర్లో మంచు కురుస్తాది. మనకాడ నిప్పులు కురుస్తాయి" అని ఆవిడ దిగిపోయింది.

మూడోనాటికి నారంతా ఉడకబెట్టిన తోటకూరలా వాలిపోయింది. రిలీజైన మూడోరోజే డబ్బాలు వెనక్కొచ్చేశాయన్నమాట!

ఇంతకీ జరిగిందేమిటంటే... అద్దంలోంచి గానీ, ప్లాస్టిక్‌లోంచి గానీ ఎండ లోపలికి వస్తుంది. మట్టినీ, కుండీనీ వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలికి బయటికి పోయే దారి వుండదు. అలా లోపల వేడి పేరుకుపోతుంది. ఇంగ్లండులోనో, హాలెండులోనో బయట చలికి చేతులు కొంకర్లు పోతుంటే ఆ వేడి మొక్కకి ప్రాణం పోస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వేసవిలో అదే వేడి ప్రాణం తీస్తుంది. అక్కడ హీరో అయినవాడు ఇక్కడ విలనయ్యాడు. వేషం అదే, కథ మారింది!

సినిమా పత్రికలో ఈ అద్దాల గొడవేమిటని విసుక్కోకండి. సినిమా చిన్నప్పుడు పెరిగింది అద్దాల ఇంట్లోనే! ఫ్రాన్సులో జార్జి మెలియెస్ 1897లో ఒక స్టూడియో కట్టాడు. గోడలూ అద్దాలే, కప్పూ అద్దాలే, అచ్చం గ్రీన్‌హౌసే. అప్పటి ఫిల్ముకి వెలుతురు బోలెడు కావాలి. అందుకని సూర్యుణ్ణే లైట్‌బాయ్‌గా పెట్టుకున్నాడు. చంద్రమండలానికి మనుషుల్ని పంపిన ఆయన 1902 నాటి సినిమా తయారైంది ఆ అద్దాల కిందే. మన తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడుగారు మద్రాసులో 1921 ప్రాంతంలో పెట్టిన స్టూడియోని కూడా 'గ్లాస్ స్టూడియో' అనే పిలిచేవారు.

అసలు కిటుకు ఇక్కడుంది, గమనించండి. మెలియెస్ అద్దాల కప్పు కింద పల్చటి గుడ్డలు పరిచేవాడు. ఎందుకు? నేరుగా పడే ఎండ నటీనటుల మొహాలని పాడుచేస్తుందని. ఎండని ఆపెయ్యకుండా మెత్తబరిచాడు. మన పెరటికి కావలసింది అద్దం కాదు, ఆ పల్చటి గుడ్డ! ఇవాళ బజార్లో దొరికే ఆకుపచ్చ షేడ్ నెట్ అదే పని చేస్తుంది. సగం ఎండ వడకట్టే నెట్, యాభై శాతందని అడిగితే ఇస్తారు. అది కూడా కొనలేనివాళ్ళకి మన అమ్మమ్మలు ఏనాడో చెప్పారు: కొబ్బరాకు పందిరి. నాలుగు గుంజలు, పైన నాలుగు మట్టలు. పక్కలనుంచి గాలి హాయిగా ఆడుతుంది. ఇదీ కళింగాంధ్ర గ్రీన్‌హౌస్!

సరే, కథలోకి వద్దాం. మన పెరట్లో ఏడాదికి మూడాటలు. మేటినీ, ఫస్ట్ షో, సెకండ్ షో. ఏ ఆటకి ఏ స్టారో తెలిస్తే చాలు, హౌస్‌ఫుల్ బోర్డు పెట్టుకోవచ్చు.

మేటినీ వానాకాలంది. జూన్ రెండో వారంలో మృగశిర కార్తె రాగానే గేట్లు తియ్యాలి. 'మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది' అన్నారు పెద్దలు. ముందుగా మూరెడు గుంత తీసి, బాగా మాగిన పశువుల గత్తం, మట్టి సగం సగం కలిపి నింపండి. పచ్చి గత్తం వెయ్యకండి, వేళ్ళు మాడిపోతాయి. బెండ, బీర, ఆనప, పొట్ల, గోంగూర, చిక్కుడు... అన్నీ ఈ ఆటకే. బెండ గింజల్ని రాత్రి నానేసి పొద్దున్న పాతితే బేగి మొలుస్తాయి. ఏడు వారాలు తిరక్కుండానే కాయ కోసుకోవచ్చు.

బీరపాదు గురించి చాలామంది చెల్లెళ్ళు ఒకటే ఫిర్యాదు: "పూలు బోలెడు పూస్తున్నాయి, పిందె ఒక్కటీ లేదు" అని. కంగారు పడకండమ్మా! పాదుకి మొదట పూసేవి మగపూలు. సినిమా మొదలైన పావుగంట దాకా హీరో ఒక్కడే తిరుగుతుంటాడే, అలాగన్నమాట. తరవాత హీరోయిన్ వస్తుంది. గుర్తుపట్టడం తేలిక: ఆడపువ్వు వెనక చిట్టి బీరకాయ ముందే వుంటుంది. ఇంకో రహస్యం, బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆనపపువ్వూ అంతే. మీ మేడమీదికి తేనెటీగలు రాకపోతే, దీపాలు పెట్టే వేళకి ఒక మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, దాని పుప్పొడి ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. గుమ్మడి పువ్వుకి మాత్రం ఈ పెళ్ళి పొద్దున్నే చెయ్యాలి. ముహూర్తం తప్పితే పిందె పచ్చబడి రాలిపోతుంది.

ఇక చిక్కుడు. ఇది ఓపికున్నవాళ్ళ మొక్క. ఆషాఢంలో గింజ పెడితే పందిరంతా అల్లుకుంటుంది. నెలలు గడిచినా పువ్వుండదు. విసుగెత్తి పీకేసేవాళ్ళున్నారు! నాటు చిక్కుడు పగళ్ళు తగ్గి, రాత్రులు పెరిగితేగాని పూయదు. దాని లెక్క దానికుంది. అందుకే రాత్రిపూట చీకటిగా వుండే మూల చూసి పాకించండి, వీధిదీపం ఎదురుగా వద్దు. కార్తీకం దాటాక చూడండి, గుత్తులు గుత్తులు. రథసప్తమికి అరసవల్లి సూర్యనారాయణస్వామి దగ్గర జనం కిక్కిరిసే వేళకి, మన పెరట్లో చిక్కుడుకాయలతో రథం కట్టుకోవడానికీ, పరమాన్నం వడ్డించడానికి ఆకులకీ కరువుండదు. ఆషాఢంలో పెట్టిన గింజ మాఘంలో పండగ చేయిస్తుందంటే, ఏళ్ళతరబడి చిన్న వేషాలు వేసి పైకొచ్చిన మన నటులు గుర్తుకు రావడంలేదూ?

ఫస్ట్ షో శీతకాలంది. దీనికే రద్దీ ఎక్కువ. టమాటా, వంకాయ, మిరప, కాలీఫ్లవరు, క్యాబేజీ, పాలకూర, మెంతికూర, కొత్తిమీర... మల్టీస్టారర్! మన అమ్మమ్మలు రామ్ములక్కాయలనే టమాటాలకి రాత్రి చల్లగా వుంటేనే పిందె నిలుస్తుంది. మండు వేసవిలో పూత రాలిపోయేది అందుకే. సెప్టెంబరులో ఉత్తర కార్తె వేళకి నారు పొయ్యాలి. పాత పెరుగు డబ్బాలకి అడుగున చిల్లులు పెడితే నారుమడి సిద్ధం. కొత్తిమీరకి మాత్రం ధనియాలని చెప్పుకింద పెట్టి నలిపి, రెండు బద్దలు చేసి చల్లండి. సంక్రాంతి గొబ్బెమ్మలకి బంతిపూలు కావాలంటే అక్టోబరులోనే బంతి గింజ చల్లాలి.

ప్లాస్టిక్ షీటుకి వేషం దొరికేది ఇక్కడ! సెప్టెంబరు వానలకి లేత నారు కొట్టుకుపోతుంది, కుళ్ళిపోతుంది. అందుకని నారుమడి మీద మాత్రం మూడడుగుల ఎత్తున, ఏటవాలుగా షీటు కట్టండి. నాలుగుపక్కలా తెరిచి వుంచండి. వాన పడకూడదు, గాలి ఆడాలి. నెలరోజుల లోపు నారు నాలుగైదు ఆకులు వేస్తుంది. సాయంత్రం పూట తీసి నాటండి. అంతటితో షీటు పాత్ర ముగిసింది, మడిచి అటకెక్కించండి. గ్రీన్‌హౌస్ మన కథలో గెస్ట్ ఆర్టిస్టు. హీరో వేషమిస్తే నాకు పట్టిన గతే!

సెకండ్ షో వేసవిది. జనం పల్చగా వుంటారు, కూర్చున్నవాళ్ళు మాత్రం గట్టివాళ్ళు. తోటకూర, బచ్చలి, గోంగూర, దొండ, బెండ. ఫిబ్రవరిలో మొదలుపెట్టండి. ఏప్రిల్ వచ్చేసరికి నెట్టో, కొబ్బరాకో పైన వుండాలి. నీళ్ళు తెల్లవారుజామునే పొయ్యండి, మిట్టమధ్యాహ్నం వద్దు. కుండీలో మట్టి కనిపించకుండా ఎండుటాకులు కప్పండి. ఉద్దానం వాళ్ళయితే కొబ్బరి డొక్కలకి కొదవా? నీళ్ళలో నానేసిన డొక్కల్ని కుండీ అడుగున పరవండి, తడి చాలాసేపు పట్టి వుంచుతాయి. 'రోహిణిలో రోళ్ళు పగులుతాయి' అన్న సామెత వూరికే పుట్టలేదు. ఆ రెండు వారాలూ కొత్తగా ఏదీ నాటకండి. మల్లెపూలు పెట్టుకుని సినిమాలకి వెళ్ళండి!

పురుగు పడితే అంగడికి పరుగెత్తకండి. 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, మూటకట్టి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానేసి, పొద్దున్న పిండి వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. మేడమీద పెంచేవాళ్ళకి ఇంకో మాట: తడిసిన మట్టి చాలా బరువు. కుండీలని శ్లాబు నడుమ గుంపుగా పెట్టక, కింద గోడలున్న వారగా సర్దండి.

ఇంతవరకూ హాయిగా నడిచింది కదూ కథ? ఇప్పుడు అసలు విలన్ ఎంట్రీ. అక్టోబరు.

తేదీలు చూడండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మన ఉత్తర మండలాలని కూడా వణికించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, విశాఖ దగ్గర దాటి విజయనగరాన్ని చీకట్లో ముంచింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర నేరుగా మన ఉద్దానం మీదే దిగింది. మూడూ దసరా రోజుల చుట్టుపక్కలే. మనం నారు నాటేదీ సరిగ్గా అప్పుడే!

ఉద్యానవనం అన్న మాటే జనం నోట ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస... ఎండ నేలని తాకని చోటు. తిత్లీ వెళ్ళిన మూడోరోజున నేను కంచిలి దగ్గర దిగి అమ్మమ్మ వూరికి నడిచాను. దారి పొడుగునా చెట్లు పడుకుని వున్నాయి. తాతయ్య పెట్టిన కొబ్బరిచెట్లలో ఇరవై రెండు కూలిపోయాయి. మావయ్య అరుగుమీద కూర్చుని వాటివంకే చూస్తున్నాడు, మాట లేదు. ఆకాశం అంత పెద్దగా ఆ పెరట్లోంచి నేనెప్పుడూ చూడలేదు. మా చెల్లి ఇంటర్ చదువుతోంది. "ఇంక చదువు మానేస్తానన్నయ్యా, కాలేజీ ఫీజు ఈ చెట్లదే కదా" అంది మెల్లగా.

అమ్మమ్మ ఎవరినీ ఓదార్చలేదు. వంటింటి అటక మీదనుంచి పొగచూరిన ఆనపబుర్ర దింపింది. అందులో బూడిద, బూడిదలో గుడ్డమూటలు: తోటకూర, గోంగూర, బచ్చలి, చిక్కుడు, ఆనప.

"ఏడిస్తే సెట్టు లెగుస్తాదేటి? నెగండి, గొప్పు తవ్వండి. బేగి పండేవి ముందేద్దారి" అంది.

నీడ పోయిన నేల మీద ఆ ఏడు ఎండ దండిగా పడింది. ఉప్పుగాలికి మాడిన పనసమొక్క ఆకులని మంచినీళ్ళతో కడిగాం. కూలిన మట్టలతోనే చిన్న పందిరి వేశాం. పాతిక రోజులకి తోటకూర కోతకొచ్చింది. తరవాత గోంగూర. మా ఇంటికి సరిపోగా మిగిలింది చెల్లి సైకిల్ మీద సోంపేట సంతకి తీసుకెళ్ళేది. కొబ్బరితోట డబ్బుకి అది ఏ మూలకీ కాదు, నేను అబద్ధం చెప్పను. కానీ కాలేజీకి బస్సు చార్జీలు వచ్చాయి. చదువు మాననవసరం లేదన్న ధైర్యం వచ్చింది. కొబ్బరిమొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. ఆ ఆరేడేళ్ళ సినిమా నడవడానికి నెలరోజుల తోటకూరే పెట్టుబడి పెట్టింది.

అందుకని ఈ పాఠం రాసుకోండి. ఒకటి, శీతకాలపు నారు ఒకేసారి పొయ్యకండి. సగం సెప్టెంబరులో, సగం అక్టోబరు మధ్యలో. మొదటిది గాలివానకి పోయినా రెండోది దీపావళి వెళ్ళాక నాటుకోవచ్చు. రెండు, తుపాను కబురు రాగానే షేడ్ నెట్ విప్పెయ్యండి. నెట్ గాలికి తెరచాపై గుంజలతో సహా లేచిపోతుంది. కుండీలని గోడవారకి దించండి, కోతకొచ్చిన కాయ కోసెయ్యండి. మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది, విత్తనం. ప్రతి పాదులోనూ బాగా కాసిన తీగకి ఒక్క కాయని కొయ్యకుండా ముదరనివ్వండి. గింజలని నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, గాలి చొరని సీసాలో దాచండి. మీద పేరూ, నెలా రాయండి. ప్యాకెట్ మీద సంకరజాతి అని వుంటే మాత్రం ఆ గింజ దాచొద్దు, తల్లిలా పండదు.

అందుకే ఆముదాలవలస తమ్ముడూ, ఆరువేలూ వుంచుకోమన్నాను. అందులో కొంచెం తీసి పది కుండీలూ, ఓ ముక్క నెట్టూ, రెండు బస్తాల గత్తమూ కొను. మిగిలింది పరీక్ష ఫీజుకి. విత్తనాలు మాత్రం కొనకు. మీ అమ్మమ్మనో, పక్కింటి పిన్నినో అడుగు. ఏ కార్తెలో ఏది పెట్టాలో కూడా ఆవిడే చెబుతుంది. అడిగితే ఎంత సంతోషిస్తుందో!

మొన్న వూరెళ్ళాను. తిత్లీ తరవాత పెట్టిన కొబ్బరిమొక్కల్లో ఒకటి మొదటి గెల వేసింది. అమ్మమ్మ చూడలేదు, రెండేళ్ళ కిందటే వెళ్ళిపోయింది. చెల్లి ఇప్పుడు టెక్కలిలో పిల్లలకి పాఠాలు చెబుతోంది, ఆదివారాలు పెరట్లో వుంటుంది. ఆనపబుర్ర అటకమీద అలాగే వుంది. దించి చూశాను. బూడిద కొత్తది. మూటల మీద చెల్లి చేతిరాత.

అదండీ సంగతి! మీ పెరట్లో ఇప్పుడు ఏ ఆట నడుస్తోందో ఒక కార్డు ముక్క రాయండి. వచ్చేవారం మళ్ళీ సినిమా కబుర్లే... అంతవరకూ సెలవు!